రెయిడ్‌లో డిస్కులు పెంచినా లైనక్స్‌లో పాత సైజే చూపిస్తోందా?

హన్మకొండలో మా దోస్తుకు పెళ్లి వీడియోల స్టూడియో ఉంది, అక్కడి సర్వర్ నేనే చూసుకుంటాను. హార్డ్‌వేర్ రెయిడ్ కంట్రోలర్ (చాలా డిస్కులను కలిపి ఒకే పెద్ద డిస్కులా చూపే కార్డు) మీద 4 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్ 5, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా ఒక డిస్కంత జాగా పక్కకు పోతుంది. ముహూర్తాల సీజన్లో జాగా చాలక ఇంకో రెండు డిస్కులు వేశాం. కంట్రోలర్ పని ముగించి 20 టీబీ అని చూపిస్తోంది, లైనక్స్‌లో జాగా ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే మాత్రం పాత సైజే. లోపలున్నవి జనం పెళ్లి వీడియోలు, మళ్లీ తీయలేనివి, అందుకే ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకొకరికి వద్దని ఇది రాస్తున్నాను.

భూమి సంగతి తెలిసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. మోకా మీద ఎంత ఉంది, పాస్‌బుక్కులో ఎంత ఎక్కింది, సాగులో ఎంత ఉంది, మూడూ వేరు. కంట్రోలర్ ఇచ్చే వర్చువల్ డిస్కు మోకా మీది భూమి, డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుండే పార్టిషన్ టేబుల్ పాస్‌బుక్కు, ఫైళ్లు నిజంగా ఉండే ఫైల్‌సిస్టమ్ సాగులో ఉన్న చెలక. పక్క చెలక కొన్నంత మాత్రాన పాస్‌బుక్కులో దానంతట అదే ఎక్కదు కదా, ఇక్కడా అంతే.

ఏదీ మార్చకముందు బ్యాకప్ తీయండి, రెయిడ్ ఉంది కదా అని ఆగకండి, ఎందుకంటే ఒక డిస్కు పోతే రెయిడ్ కాపాడుతుంది కానీ మనం పార్టిషన్ తప్పుగా రాస్తే ఆ తప్పునే అన్ని డిస్కుల మీదా రాస్తుంది. తర్వాత సైజులన్నీ బైట్లలోనే చూడండి. కంపెనీ 20 టీబీ అనేది వెయ్యి లెక్కలో, డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే, డీఎఫ్ మైనస్ హెచ్ చూపేది 1024 లెక్కలో, కాబట్టి 20 టీబీ అక్కడ 18.2గా కనిపిస్తుంది, అది తేడా కానే కాదు. పార్టిషన్లు మార్చే పార్టెడ్ మళ్లీ వెయ్యి లెక్కలోనే చూపిస్తుంది. ఎల్ఎస్‌బీఎల్‌కేకు మైనస్ బీ తగిలిస్తే డిస్కు, పార్టిషన్ రెండూ బైట్లలో వస్తాయి, గందరగోళం సగం అక్కడే పోతుంది.

ఇప్పుడు పైనుంచి కిందికి రండి. కంట్రోలర్ టూల్‌లో వర్చువల్ డిస్కు సైజు నిజంగా పెరిగిందా చూడండి. హెచ్‌పీ స్మార్ట్ అర్రేలో అయితే అర్రేకు డిస్కులు కలపడం ఒక పని, లాజికల్ డ్రైవ్‌ను పెంచడం ఇంకో పని, రెండోది మరిచిపోతే లైనక్స్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకదు. అక్కడ పెరిగి లైనక్స్‌లో డిస్కు సైజు పాతదే ఉంటే కెర్నల్‌కు, అంటే లైనక్స్ గుండెకాయకు, ఇంకా తెలియలేదని అర్థం. సిస్ ఫోల్డర్ కింద బ్లాక్, ఎస్‌డీఏ (ఇది డిస్కు పేరు, మీది వేరే ఉంటే అది), డివైస్ లోపలుండే రీస్కాన్ ఫైల్లో 1 అని రాస్తే సరిపోతుంది, రీబూట్ అక్కర్లేదు.

డిస్కు పెరిగింది, పార్టిషన్ పెరగలేదు అంటే ముందు టేబుల్ ఏ రకమో చూడండి. 512 బైట్ల సెక్టర్లున్న డిస్కులో పాత రకం టేబుల్ ఎంబీఆర్ 2 టీబీ దగ్గరే ఆగిపోతుంది, దాటాలంటే కొత్త రకం జీపీటీ కావాలి. జీపీటీ తన రెండో కాపీని డిస్కు చివర పెట్టుకుంటుంది, డిస్కు పెరిగాక ఆ కాపీ మధ్యలో మిగిలిపోతుంది. పార్టెడ్ తెరవగానే ఫిక్స్ చేయాలా అని అడిగేది దీని గురించే, ఫిక్స్ అనండి. తర్వాత పార్టిషన్‌ను పెంచే గ్రోపార్ట్ వాడండి, ముందు డ్రై రన్‌తో (ఏదీ రాయకుండా చూపించడం మాత్రమే) ఏం మారుస్తుందో చదివి, మొదటి సెక్టర్ మారడం లేదని చూసుకుని, అప్పుడు అసలు కమాండ్ ఇవ్వండి. ఎల్‌వీఎం (పార్టిషన్‌కు, ఫైల్‌సిస్టమ్‌కు మధ్య ఉండే ఇంకో పొర) ఉంటే మధ్యలో పీవీరీసైజ్, ఎల్‌వీఎక్స్‌టెండ్ కూడా చేయాలి.

చివరిది ఫైల్‌సిస్టమ్. ఇందులో రకాలుంటాయి: ఎక్స్ఎఫ్ఎస్ అయితే మౌంట్ పాయింట్ (అది కనిపించే ఫోల్డర్) ఇచ్చి ఎక్స్ఎఫ్ఎస్ గ్రోఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 అయితే రీసైజ్2ఎఫ్ఎస్. మా దగ్గర సరిగ్గా ఇక్కడే ఆగింది. 4 కేబీ బ్లాకులతో పాత పద్ధతిలో చేసిన ఈఎక్స్‌టీ4లో 64బిట్ ఫీచర్ ఉండదు, 1024 లెక్కలో 16 టీబీ దాటదు, మాకు కావాల్సింది 18.2. ట్యూన్2ఎఫ్ఎస్ మైనస్ ఎల్ కొట్టి ఫీచర్ల వరుసలో 64బిట్ ఉందో లేదో చూడండి. లేకపోతే అన్‌మౌంట్ చేసి, తప్పులు వెతికే ఈ2ఎఫ్ఎస్‌సీకే మైనస్ ఎఫ్ నడిపి, 64బిట్‌కు మార్చే రీసైజ్2ఎఫ్ఎస్ మైనస్ బీ ఇవ్వాలి, ఆ తర్వాతే పెంచాలి. ఇది నడిచేటప్పుడు కరెంటు పోకూడదు, యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకోండి.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది, అదే అసలు ప్రమాదం: ఫైల్‌సిస్టమ్ పెద్దది, డిస్కు చిన్నది. మామూలు డిస్కు మీది పార్టిషన్‌ను డీడీ కమాండ్‌తో యథాతథంగా రెయిడ్ మీదికి కాపీ చేస్తే ఇలా అవుతుంది. కంట్రోలర్ తన వివరాలకు డిస్కులో కొంత జాగా ఉంచుకుంటుంది, రేపు వేరే కంపెనీ 4 టీబీ డిస్కు వేసినా సరిపోయేలా సైజును కొద్దిగా తగ్గించి కూడా లెక్కేస్తుంది. అప్పుడు కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్‌లో బ్యాడ్ జామెట్రీ అని, బ్లాకుల సంఖ్య డివైస్ సైజును మించిందని వస్తుంది. అది చూసి ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్ఎస్‌సీకేకు అన్నిటికీ ఎస్ అని చెప్పి వదలకండి, దయచేసి. పార్టిషన్‌ను మీరే పొట్టిగా తిరిగి రాసి ఉంటే మొదటి సెక్టర్ అదే ఉంచి చివరను పాత చోటికి తీసుకెళ్లండి. డిస్కే చిన్నదైతే పాత డిస్కు దగ్గరికే తిరిగి వెళ్లి, అక్కడ ఈఎక్స్‌టీ4ను అన్‌మౌంట్ చేసి కుదించి, మళ్లీ కాపీ చేయండి. ఎక్స్ఎఫ్ఎస్‌ను అలా కుదించే వీలు లేదనే అనుకోండి, రెయిడ్ మీద కొత్తగా ఫైల్‌సిస్టమ్ చేసి ఫైళ్లను ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో తెచ్చుకోవడమే దారి.