కొత్త క్లయింట్ తినే ప్రొటీన్ లెక్క కట్టడం ఎలా?

సర్టిఫికెట్ చేతికి రాగానే కుర్ర జిమ్ ట్రైనర్లు చేసే మొదటి పని వాట్సాప్‌లో డైట్ చార్ట్ పంపడం. ఉడికించిన చికెన్ బ్రెస్ట్, ఓట్స్, బ్రకోలీ. తినాల్సింది ఎవరయ్యా అంటే కూకట్‌పల్లిలో అమ్మ చేతి పప్పన్నం తినే అబ్బాయి! పది రోజులకి చార్ట్ మూలన పడుతుంది, ఇంకో పది రోజులకి జిమ్ కూడా. వాళ్లు ఇప్పుడేం తింటున్నారో తేలకుండా చార్ట్ రాయకూడదు, అంతే.

కావలసినవి: గ్రాములు చూపే వంటింటి కాటా, ఒక నోటుబుక్కు, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన పోషక విలువల పట్టికలు. మన దేశంలో దొరికే 528 పదార్థాల విలువలు వాటిలో ఉన్నాయి. యాప్‌లు వద్దు. యాప్‌లో ‘దాల్, ఒక కప్పు’ అని కొట్టి చూడండి, ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంది. మీ క్లయింట్ వాళ్లింట్లో పప్పు గట్టిగా చేస్తారో, చారులా చేస్తారో ఫోనుకేం తెలుసు?

లక్ష్యం తేల్చడం సులువు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 సిఫార్సు. బరువులెత్తేవాళ్లకి 1.4 నుంచి 2 గ్రాముల దాకా చెప్తారు. 1.6 పెట్టండి, బేరాలొద్దు. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉందేమో ముందే అడగండి. ఉంటే ఈ లెక్క మీ పని కాదు, డాక్టర్‌కీ డైటీషియన్‌కీ వదిలేయండి.

తర్వాత మూడు రోజుల తిండి రాయించాలి. రెండు పనిదినాలు, ఒక ఆదివారం. హైదరాబాద్‌లో ఆదివారం లేని లెక్క లెక్కే కాదు. ఆఫీసు కింద తాగిన చాయ్, దాంతో ముంచుకున్న ఉస్మానియా బిస్కెట్లు కూడా రాయాలి. అడక్కపోతే ఎవరూ రాయరు.

ఇక అందరూ బోల్తా పడే చోటు: తూకం వండకముందుదా, వండాకదా?

పట్టికలో కందిపప్పుకు 100 గ్రాములకి దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. అది కుక్కర్‌లో పడకముందు పప్పు సంగతి. కొత్త ట్రైనర్ గిన్నెలో ఉన్న 150 గ్రాముల టమాటా పప్పును తూచి, 33 గ్రాములు వచ్చేసిందని రాసేసుకుంటాడు. అందులో సగానికి పైగా నీళ్లేనని తట్టదు.

అందుకే ఇంట్లో వండేవాళ్లతో మాట్లాడాలి. క్లయింట్‌ని అడిగితే ‘ఒక కప్పు అన్నా’ అంటాడు, వాడికి కుక్కర్ మూత తీయడం కూడా రాదు. వాళ్లమ్మగారికి ఫోన్ చేసి, “అమ్మా, పప్పు కడగకముందు ఒకసారి కాటా మీద పెట్టండి, పోపు పెట్టాక గిన్నె బరువు తీసేసి మళ్లీ తూచండి” అని చెప్పండి. 200 గ్రాముల కందిపప్పు వేశారు, పప్పంతా కలిపి 900 గ్రాములు అయింది అనుకుందాం. మొత్తం ప్రొటీన్ సుమారు 43 గ్రాములు. అబ్బాయి 150 గ్రాములు వేసుకుంటే ఆరో వంతు, అంటే ఏడు గ్రాములు. 33 ఎక్కడ, ఏడు ఎక్కడ? ఈ ఒక్క తప్పుతోనే ‘ప్రొటీన్ బాగానే తింటున్నా, కండ రావట్లేదు’ అనే ఫిర్యాదు పుడుతుంది.

మాంసం దగ్గర తప్పు తిరగబడుతుంది. పప్పు నీళ్లు తాగి పెరుగుతుంది, చికెన్ నీళ్లు వదిలి తగ్గుతుంది. 100 గ్రాముల బ్రెస్ట్ వండాక 70, 75కి దిగుతుంది, ప్రొటీన్ మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఇక కూర కోసం తెచ్చే చికెన్‌లో ఎముకలుంటాయి, పట్టిక అంకెలు ఎముక తీసేసిన మాంసానికి. తినే ముందు ముక్కల్ని తూచమనండి, తిన్నాక కంచం అంచున మిగిలిన ఎముకల్ని కూడా తూచి తీసేయమనండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

హోటల్ బిర్యానీకి ఈ కొలత పనికిరాదు. ముక్కలు విడిగా తీసి తూచి, వాటికే ప్రొటీన్ రాయండి. అన్నంలో కలిసిపోయిన మసాలా జోలికి పోవద్దు. రంజాన్ నెలలో హలీమ్ తిన్న రోజుని లెక్కలోంచి తీసేసి ఇంకో రోజు రాయించండి. గోధుమ, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి గంటల తరబడి రుబ్బిన దాన్ని విడదీయడం ఎవరి తరం?

నూనె ప్రొటీన్ కాదు గానీ, ఎలాగూ వంటింటి దాకా వెళ్లారు కదా, నెలకి ఎన్ని ప్యాకెట్లో అడిగేయండి. నలుగురికి నాలుగు లీటర్లయితే మనిషికి రోజుకు 30 గ్రాములు, 270 క్యాలరీలు.

మూడు రోజుల సగటు 50 వచ్చిందనుకోండి. వెంటనే 112కి ఎగబాకించొద్దు, వే (పాల నుంచి తీసే ప్రొటీన్) పౌడర్ డబ్బా కొనిపించొద్దు. ముందు టిఫిన్ ఒక్కటే మార్చండి. ఇడ్లీల పక్కన రెండు గుడ్లు పెడితే 12 గ్రాములు. గుడ్డు తినని ఇంట్లో పెసరట్టు, 50 గ్రాముల పెసలకి 11 గ్రాములకు పైనే. పెసలు నానబెట్టకముందే తూచమని వాళ్లమ్మగారికి ఆ ఫోన్‌లోనే చెప్పేయండి. రెండు వారాలయ్యాక మళ్లీ మూడు రోజులు రాయించి, అప్పుడు మధ్యాహ్నం కంచం సంగతి చూడండి.