నోరు తెరిచి నిద్రపోయేవారు ముక్కుతో ఊపిరి అలవాటు చేసుకోవడం ఎలా?

తెల్లవారి లేచేసరికి నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉండడం, దిండు మీద చొల్లు మరక కనిపించడం, రాత్రి పళ్లు తోముకొని పడుకున్నా నోరు కంపు కొట్టడం, వీటిలో రెండైనా తరచుగా ఎదురవుతుంటే నిద్రలో మీరు నోటితో ఊపిరి పీలుస్తున్నారని అనుమానించవచ్చు. నేనూ కొన్నేళ్లపాటు మంచం పక్కన మరచెంబు పెట్టుకొని, అది ఎండాకాలపు దాహమే అనుకున్నాను. శీతాకాలం వచ్చినా చెంబు ఖాళీ అవుతూనే ఉండేది.

పళ్లకు అసలు కాపలా లాలాజలం. తిన్న ప్రతిసారీ నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లత్వానికి కొలత అయిన పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) దాదాపు 5.5 కంటే తగ్గితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను మళ్లీ పంటికి అందించేది లాలాజలమే. నిద్రలో అది ఎలాగూ తక్కువగా ఊరుతుంది, నోరు తెరిచి ఉంటే ఆ కాస్తా ఆరిపోతుంది. పై పెదవి కప్పని ముందు పళ్ల దగ్గర చిగుళ్లు ఎర్రబడి ఉబ్బడం నోటి శ్వాసకు ఒక ఆనవాలు. ఇక ముక్కు గాలిని వడగట్టి, వెచ్చబరిచి, తేమ చేసి లోపలికి పంపుతుంది. ముక్కు పక్కనున్న సైనస్‌లనే గాలి గదుల్లో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఆ గాలితో కలిసి వెళ్లి, ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు విప్పారడానికి తోడ్పడుతుంది.

అలవాటు మార్చుకొనే ముందు ముక్కు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. చల్లటి స్టీలు పళ్లేన్ని ముక్కు కింద అడ్డంగా పట్టుకొని, నోరు మూసి మెల్లగా ఊపిరి వదిలితే దాని మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. కొన్ని గంటలకోసారి ఒక రంధ్రం కాస్త మూసుకొని మరొకటి తెరుచుకోవడం సహజం, ఊపిరి నడకను గమనించే మన స్వరశాస్త్రం ఎడమ రంధ్రంలో ఆడే ఊపిరిని చంద్ర స్వరం, కుడి రంధ్రంలో ఆడేదాన్ని సూర్య స్వరం అంది. రోజులో మూడు నాలుగు సార్లు చూసినా ప్రతిసారీ ఒక వైపే మచ్చ పడి, రెండో వైపు అసలు పడకపోతే మాత్రం ముక్కు దూలం వంకరగానో, లోపల పాలిప్స్ అనే మెత్తటి బుడిపెలు పెరిగో ఉండవచ్చు కాబట్టి చెవి, ముక్కు, గొంతు వైద్యుని కలవాలి. అభ్యాసంతో వంకర దూలం సరికాదు.

పడిశం వల్లనో, దుమ్ము పడకపోవడం వల్లనో దిబ్బడ ఉంటే ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మేలు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంటే మెత్తటి ఉప్పు అయితే టీ చెంచాతో చదునుగా ఒకటిన్నర, సరిపోతుంది. నీరు తప్పనిసరిగా కనీసం ఒక నిమిషం తెర్లేలా మరిగించి, గోరువెచ్చగా చల్లార్చినదై ఉండాలి. నేగ్లేరియా అనే అమీబా తాగితే ఏమీ చేయదు గాని, ముక్కు గుండా వెళితే మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. కుళాయి నీటిని నేరుగా వాడకపోవడానికి కారణం అదే. సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు తిప్పి, పై రంధ్రంలో జలనేతి పాత్రతో (ముక్కు కడుక్కోవడానికి వాడే కొమ్ము చెంబుతో) నెమ్మదిగా పోస్తే నీరు కింది రంధ్రం నుంచి వస్తుంది. ఈ ఒక్క పనికి మాత్రం నోటితోనే ఊపిరి పీల్చాలి! తర్వాత ఒక్కొక్క వైపే మెల్లగా చీదాలి. చెవిపోటు ఉన్నప్పుడు ఈ పని వాయిదా వేసుకోవాలి. దుకాణంలో దొరికే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కును తెరుస్తాయి గాని, కొద్ది రోజులకు మించి వాడితే వాటి వల్లనే దిబ్బడ తిరగబెడుతుంది.

ముక్కు తెరుచుకున్నాక సాధన పగలే మొదలుపెట్టాలి, ఎందుకంటే మెలకువలో లేని అలవాటు నిద్రలో రాదు. పెదవులు కలిపి, పళ్లు ఒకదానికొకటి తగలకుండా, నాలుక కొనను ‘ల’ అనేటప్పుడు అది ఆనే చోట ఆనించి, మిగిలిన నాలుకను అంగిటికి తేలికగా అదిమి ఉంచాలి. టీవీ చూసేటప్పుడూ ఫోను పట్టుకున్నప్పుడూ గుర్తుచేసుకుంటే చాలు. నడకలో నోరు మూసి నడవగలిగినంత వేగమే పెట్టుకొని, నోరు తెరుచుకుంటే నెమ్మదించాలి. పరుగెత్తేటప్పుడూ మెట్లెక్కేటప్పుడూ నోటితో పీల్చితే తప్పేమీ లేదు, అక్కడ పట్టుదల అనవసరం.

రాత్రి వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి, తల కాస్త ఎత్తుగా పెట్టుకొని పడుకోవడం ఉపకరిస్తుంది. నోటికి టేపు అంటించుకొని నిద్రపోయే పద్ధతి ఈ మధ్య ఫోన్లలో బాగా తిరుగుతోంది. ముక్కు మూసుకుపోయేవారికి, నిద్రలో ఊపిరి ఆగేవారికి అది ప్రమాదం, పిల్లలకు అసలే కూడదు. గురక మధ్యలో ఆగి ఉక్కిరిబిక్కిరై లేస్తున్నా, పగలంతా కునికిపాట్లు పడుతున్నా స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, ఉండవచ్చు. దానికి పరీక్ష చేయించుకోవాలి.

పిల్లల విషయంలో ఇంకాస్త తొందర అవసరం. ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే ఎడినాయిడ్స్ అనే గ్రంథులు పెరిగిన పిల్లవాణ్ణి ‘నోరు మూసుకో’ అని గదమాయిస్తే లాభం లేదు, వాడికి ముక్కులో దారే లేదు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే అంగిలి ఇరుకై, పై పళ్లకు చోటు చాలక పలువరుస చెదరవచ్చు.

కొత్త అలవాటు కుదిరేదాకా పళ్లకు రక్షణగా రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకొని, నురుగు ఉమ్మేసి పుక్కిలించకుండా ఊరుకోవాలి; ఆ తర్వాత మంచినీళ్లు తప్ప మరేదీ నోట్లోకి వెళ్లకూడదు, ఆఖరికి పాలైనా సరే.