జబ్బు పట్టిన తేనెటీగల పెట్టెను ఏం చేయాల

పెట్టెలో ఈగలు చచ్చిపోతే మనం దాన్ని చేనుగట్టు మీద అట్నే వదిలేస్తాం, నేనూ మొదట్లో అదే చేసినా, రెండ్రోజులకు పోయి చూస్తే యాడియాడి ఈగలో వచ్చి మిగిలిన తేనె దోచుకుంటా ఉండాయి. జబ్బు ఊరంతా తిరిగేది అట్నే. అందుకే ఫస్టు ద్వారం మూసేయండి, బంకమట్టి పెట్టినా సరే. బతికున్నవి ఉంటే మాత్రం పొద్దు మునిగి అన్నీ లోపలికి చేరినాక మూయాల.

ప్రతి పెట్టెనూ కాల్చాల్సిన పని లేదు. మైనపు పురుగు పట్టిందంటే తుట్టెలు తీసేసి పెట్టెను ఎండలో పెడితే చాలు. మన పుట్టతేనె ఈగల్లో పిల్లపురుగు నీళ్ళసంచి మాదిరి ఉబ్బి తల పైకెత్తి చచ్చిపోయింటే అది థాయ్ శాక్‌బ్రూడ్, వైరస్సు, దానికి పిల్లల తుట్టెలు కాల్చేసి పెట్టె కడిగి కొన్ని వారాలు ఎండబెట్టండి.

అసలు భయపడాల్సింది ఇటాలియన్ ఈగలకొచ్చే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్‌కి, అది పిల్లపురుగుల్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా జబ్బు. మూసిన గదులు లోపలికి కుంగి చిల్లులు పడుంటాయి, కుళ్ళు వాసన. ఒక గదిలో అగ్గిపుల్ల గుచ్చి మెల్లగా లాగండి, బెల్లం తీగపాకం మాదిరి గోధుమరంగు తీగ రెండు మూడు సెంటీమీటర్లు సాగిందంటే అదే అనుకోండి. దీని బీజాలు (స్పోర్లు) 35 ఏళ్ళ పైన బతికుంటాయి, యాంటీబయాటిక్ వేస్తే జబ్బు కనపడకుండా దాక్కుంటుంది గానీ బీజాలు చావవు, అందుకే దీనికి కాల్చాల్సిందే. కాల్చే ముందు రెడ్డిపల్లి (అనంతపురం), బనవాసి (కర్నూలు), ఊటుకూరు (కడప) కృషి విజ్ఞాన కేంద్రాల్లో మీకు దగ్గరున్న దాంట్లో ఒకసారి చూపించండి.

పగలే గుంత తవ్వి పెట్టుకోండి, రెండడుగుల లోతు, బోరుకూ శనక్కాయ కట్టె వాములకూ దూరంగా. గాలి ఉన్న రోజు వద్దే వద్దు. చీకటి పడినాక బకెట్ నీళ్ళలో సర్ఫు బాగా నురగొచ్చేలా కలిపి ఫ్రేముల మధ్య పోస్తే ఈగలు నిమిషాల్లో పోతాయి, చూడలేం గానీ తప్పదు. కొందరు పెట్రోల్ పోస్తారు, ఆవిరికి మంట భగ్గుమంటుంది, నేనైతే వద్దంటా. గుంతలో అడుగున ఎండు కంప మందంగా పరిచి దానిమీద ఫ్రేములు పెట్టండి, లేకుంటే మైనం, తేనె కరిగి కాలకుండానే అడుక్కు పోతాయి. ప్లాస్టిక్ ఫ్రేములైతే పొగకు ఎదురుగా నిలబడొద్దు. పక్కన నీళ్ళ బకెట్లు పెట్టుకొని మంట ఆరేదాకా ఆడే ఉండండి, తెల్లారకముందే మన్ను కప్పేయాల, ఎండ పడిందంటే బూడిదలో తేనె వాసనకు మళ్ళా ఈగలొస్తాయి.

పెట్టె గట్టిదైతే లోపలంతా గీకి, గీకిన చెత్త గుంతలోనే వేసి, బ్లోల్యాంప్‌తో మూలమూలా కాఫీరంగు వచ్చేదాకా కాల్చితే మళ్ళీ వాడుకోవచ్చు. పాతదైతే దాన్నీ గుంతలోకే. కత్తి, పొగడబ్బా లాంటివి 5 లీటర్ల వేడినీళ్ళలో కిలో చాకలిసోడా కలిపి రుద్దండి, గ్లౌజులు కాల్చేయండి.

మా పక్కచేను మామ "ఆ పెట్టె నాకియ్యి నాయనా, కోళ్ళగూడు చేసుకుంటా" అన్నాడు. కాల్చని పెట్టె కోళ్ళకు కూడా ఇవ్వొద్దు, దాని వాసనకు ఈగలు అక్కడికే పోతాయి. దగ్గర్లో పొద్దుతిరుగుడు చేలకు పెట్టెలు తెచ్చి పెట్టినోళ్ళుంటే సిగ్గుపడకుండా విషయం చెప్పేయండి, మీ మిగిలిన పెట్టెలు మాత్రం రెండు వారాలకోసారి మూత తీసి ఆ అగ్గిపుల్ల టెస్టు చేసి చూసుకుంటా ఉండండి, ప్రతి పెట్టెకూ వేరే పుల్ల.