ఏనుగుల సీజను ముందు బైనాక్యులర్ కొంటున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

పలమనేరు, కుప్పం వైపు అడివి అంచున చేలున్నవాళ్ళకు రాగి కంకి పాలుపోసుకునే రోజుల నుంచీ కంటినిండా నిద్ర ఉండదు. చెరకో అరటో పెట్టినవాళ్ళకైతే ఏడాది పొడుగునా ఇదే కావలి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన ఏనుగులు ఇక్కడే నిలదొక్కుకున్నాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు చంద్రగిరి పక్క శేషాచలం అంచు మామిడి తోటలకూ ఈ బెడద పాకింది. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను, అంటే అడివి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపులో పెట్టారు, సంతోషమే. కానీ ప్రతి రాత్రీ ప్రతి చేనుకూ అవి కాపలా రాలేవు కదా. మంచె మీద ఉండేది రైతే.

అందుకే ఈమధ్య ఊళ్ళలో కుర్రాళ్ళు బైనాక్యులర్లు కొంటున్నారు. మంచి పనే. ఏనుగును దూరం నుంచే చూసి తప్పుకోవడానికి అంతకన్నా మంచి సాధనం రైతు చేతికి అందే ధరలో లేదు. కాకపోతే కొనేటప్పుడు చాలామంది చూసేది ఒక్కటే, ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని. అక్కడే దెబ్బ తింటున్నారు.

ముందు తుపాకీ స్కోపుల సంగతి చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో రైఫిల్‌కు బిగించే స్కోపులు కనపడగానే "ఇదైతే ఇంకా బాగా కనపడుతుంది కదన్నా" అని అడిగేవాళ్ళున్నారు. ఈ పనికి అది వద్దే వద్దు. వేటాడే దేశాల్లో మామూలుగా వాడే 3-9×40 స్కోపును (3 నుంచి 9 రెట్ల దాకా మార్చుకునే రకం) 9 రెట్లకు తిప్పితే, 100 మీటర్ల దూరంలో కనపడేది సుమారు 4 మీటర్ల వెడల్పు మాత్రమే. పెద్ద ఏనుగు ఒళ్ళు కూడా అందులో పూర్తిగా పట్టదు, ఇక పక్కనున్న పిల్ల ఎక్కడ కనపడుతుంది? పైగా తుపాకీ వెనక్కి తన్నినా కంటికి తగలకుండా కన్నును అద్దానికి సుమారు 9 సెంటీమీటర్ల దూరంలో పెట్టేలా దాన్ని తయారుచేస్తారు. చేత్తో పట్టుకుని చూస్తే బొమ్మ నిలవదు, అంచులు నల్లబడతాయి. ముందే ఎక్కడుందో తెలిసిన లక్ష్యం మీద గురి కుదర్చడానికి చేసిన వస్తువది, వెతకడానికి కాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, ఏనుగు ఆ చట్టం మొదటి షెడ్యూలులోనే, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలోనే ఉంది. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. తుపాకీ మీదున్న స్కోపులోంచి "ఎవరొస్తున్నారో చూద్దాం" అనుకోవడమంటే మనిషి మీదికి తుపాకీ గురిపెట్టడమే. చీకట్లో వచ్చేది పక్క చేను అన్న కావచ్చు.

ఇక బైనాక్యులర్. దాని మీద 8×42 అనో 10×50 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లో చెబుతుంది, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. 8×42కి 5.25 వస్తుంది, 8×25కి 3.1. కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు అది. పట్టపగలు కంటిపాప 2, 3 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి ఏదైనా ఒకటే అనిపిస్తుంది. మసక చీకట్లో పాప 5 నుంచి 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. ఏనుగులు చేలోకి దిగేది పొద్దుగూకాక, తిరిగి అడివెక్కేది తెల్లవారుజామున. ఆ వేళ 8×25 చిన్న బైనాక్యులర్‌లో చింతచెట్టు కింద నల్లటి ముద్ద కనపడుతుందంతే. 8×42లో అదే ముద్దకు చెవులు కదలడం తెలుస్తుంది. మన పనికి 8×42 గాని 7×50 గాని తీసుకోండి. 10 రెట్లు దాటితే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది, స్టాండు లేకుండా పనికిరాదు.

20-180×100 లాంటి అంకెలు వేసి అమ్మే చవకరకాలను ముట్టుకోవద్దు. 100 అంటే ముందు అద్దం 10 సెంటీమీటర్ల వెడల్పుండాలి. అరచేతిలో ఇమిడే డబ్బాకు అంత అద్దం ఎలా వస్తుంది? స్కేలు పెట్టి కొలిస్తే అబద్ధం అక్కడే బయటపడుతుంది. ముందు అద్దాలు కెంపుల్లా ఎర్రగా మెరిసేవీ వద్దు, ఆ పూత మనకు కావలసిన వెలుగునే తిప్పికొడుతుంది.

తిరుపతిలో కొన్నా బెంగళూరులో కొన్నా షాపుకు సాయంత్రం వేళ వెళ్ళండి. బైనాక్యులర్‌ను చెయ్యి చాచినంత దూరంలో, వెలుగు వైపు తిప్పి పట్టుకుని, కళ్ళు పెట్టే వైపు అద్దాల్లోకి చూడండి. రెండు వెలుగు చుక్కలు కనపడతాయి. అవి నిండుగా, గుండ్రంగా ఉంటే లోపలి గాజు మంచిది. అంచులు కోసినట్టు పలకలుగా, బూడిదరంగులో కనపడితే పక్కన పెట్టేయండి. తర్వాత రోడ్డవతల వెలుగున్న బోర్డును కాదు, దాని కింద నీడలో ఉన్నదాన్ని చూడండి. రెండు నిమిషాలు చూశాక కళ్ళు లాగుతున్నా, బొమ్మ రెండుగా విడిపోతున్నా రెండు గొట్టాలూ ఒక వరుసలో లేవని అర్థం, ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు రబ్బరు కప్పులు కిందికి తిప్పి, జోడుతోనే చూసి కొనాలి. వానలో కాపలా ఉండేవాళ్ళకు నీళ్ళు చొరబడని, లోపల నైట్రోజన్ నింపిన రకమైతే మేలు, లేకపోతే మంచులో లోపలివైపు ఆవిరి పట్టేస్తుంది.

కొన్నాక పగలే సరిచేసుకోండి. కుడి కన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టంగా పెట్టుకోవాలి. తర్వాత ఎడమది మూసి, కుడి కంటి దగ్గర ఉండే చిన్న చక్రం తిప్పుకోవాలి. ఆ గుర్తు ఎక్కడుందో చూసి పెట్టుకోండి. ఏనుగు వచ్చాక చీకట్లో తడుముకునే టైము ఉండదు.

అసలు ప్రమాదం వాడకంలో ఉంది. 8 రెట్ల బైనాక్యులర్‌లో 400 మీటర్ల దూరంలో ఉన్న ఏనుగు 50 మీటర్లలో ఉన్నట్టు కనపడుతుంది. కాసేపు అలా చూసి కిందికి దించగానే అది చిన్నగా, ఎక్కడో ఉన్నట్టు తోస్తుంది. "చాలా దూరముందిలే" అని ఇంకో నాలుగడుగులు ముందుకు వేయబుద్ధవుతుంది. వేయవద్దు. ఏనుగు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సులువుగా పరిగెత్తగలదు, 100 మీటర్లు దానికి 15 సెకన్ల పని. దుక్కి చేసిన చేలో మనం అంత పరిగెత్తలేం. వెనక పక్కా ఇల్లో, దారి మీద బండో చూసుకున్నాకే కళ్ళకు పెట్టుకోండి.

ఒక్కరే చూడకూడదు. బైనాక్యులర్ పెట్టుకున్నవాడికి ఆ వలయం తప్ప ఇంకేమీ కనపడదు. ముందున్న దాన్ని చూస్తుండగా పక్క చెరకుతోటలోంచి ఇంకొకటి వస్తే? అందుకే ఒకరు చూస్తుంటే ఇంకొకరు మామూలు కళ్ళతో చుట్టూ చూస్తూ, చెవులు పెట్టి ఉండాలి. కొమ్మ విరిగిన చప్పుడుకు వెంటనే భుజం తట్టాలి. అమావాస్య చీకట్లో ఏ బైనాక్యులరూ పనిచేయదు, అప్పుడు చెవులే దిక్కు. గాలి మన వైపు నుంచి ఏనుగు వైపు వీస్తుంటే అక్కడ నిలబడవద్దు, దాని చూపు మందమైనా వాసన పసిగట్టడంలో దానికి సాటి లేదు.

చూసేటప్పుడు ముందు లెక్క పెట్టండి. పిల్లలున్నాయా చూడండి, తల్లి ఏనుగు పిల్ల కోసం దేనికైనా తెగిస్తుంది. ఒంటరి మగదైతే కంటికీ చెవికీ మధ్య నల్లగా తడి చార ఉందేమో చూడండి. ఉంటే అది మదమెక్కిన ఏనుగు. టపాసులు, డప్పులు పక్కన పెట్టి అందరూ వెనక్కి వచ్చేయండి. ఎన్ని ఉన్నాయి, ఎటు పోతున్నాయి, మదముందా అన్న మూడు సంగతులూ ఏనుగుల జాడ కనిపెట్టే అటవీశాఖ ట్రాకర్లకు ఫోనులో చెప్పగలిగితే మీ బైనాక్యులర్ డబ్బులు గిట్టినట్టే. బీటు ఆఫీసరు నంబరు ఫోనులో ముందే వేసుకోండి.

చేను చుట్టూ లైను నుంచి నేరుగా కరెంటు లాగే పని మాత్రం దయచేసి చేయకండి. అడివిపందుల కోసం పెట్టిన తీగకు ఏనుగులూ చనిపోతున్నాయి, నీళ్ళు కట్టడానికి పోయిన మనుషులూ చనిపోతున్నారు. ఆపైన జైలు. సోలార్ కంచె వేరు, అది క్షణక్షణానికీ ఆగి ఆగి చిన్న షాకు కొడుతుంది, ప్రాణం తీయదు.

పొద్దు పొడిచేటప్పుడు బైనాక్యులర్‌ను సూర్యుడి వైపు తిప్పకండి, చూపు పోతుంది. అద్దాన్ని తువ్వాలుతో రుద్దకండి, ముందు దుమ్ము ఊదేసి మెత్తటి గుడ్డతో తుడవండి. వానాకాలమంతా తోలు సంచిలో పెడితే బూజు పడుతుంది, సిలికా జెల్ పొట్లాలు వేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి.

తెల్లవారుజామున మోటరు వేయడానికి పోయేవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. రాత్రంతా ఏ చప్పుడూ లేదంటే ఏనుగులు వెళ్ళిపోయినట్టు కాదు, చెరకులో పడుకుని కూడా ఉండవచ్చు. గట్టు మీదో మిద్దె మీదో నిలబడి చేను ఈ మూల నుంచి ఆ మూల దాకా మెల్లగా పది నిమిషాలు చూడండి, మధ్యలో రెండుసార్లు దించి వినండి. కొత్త అడుగులో, పచ్చి లద్దెలో కనపడితే ట్రాకర్లు వచ్చి చూసేదాకా మోటరు ఆగినా పరవాలేదు.