విశాఖలో భూగర్భజల మోడల్ రన్ చేసే ముందు జాగ్రత్తలు

ముందు యూనిట్లు. ల్యాబ్ రిపోర్టులో పారగమ్యత (నేల గుండా నీరు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే విలువ) సెకనుకు సెంటీమీటర్లలో వస్తుంది, మాడ్‌ఫ్లో అనే భూగర్భజల మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో మనం సాధారణంగా రోజుకు మీటర్లు పెట్టుకుంటాం. సెకనుకు 1 సెం.మీ. అంటే రోజుకు 864 మీటర్లు. ఈ ఒక్క పొరపాటుతో నాకు రెండు రోజులు పోయాయి.

బావి మట్టం ఏ నెలదో రాసుకోండి; మే కొలత, నవంబరు కొలత కలిపేయొద్దు. టేపు గట్టు మీంచి వదిలితే గట్టు ఎత్తు తీసేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

మన దగ్గర అడుగున ఎక్కువగా ఖొండలైట్ అనే రాయి. పైన ఎర్రమట్టి, తర్వాత మెత్తబడిన రాయి, ఆ కింద పగుళ్లు. మొత్తానికీ ఒకే పారగమ్యత విలువ ఇవ్వకండి, బోరు లాగ్ (తవ్వినప్పుడు ఏ లోతులో ఏ పొర తగిలిందో రాసిన రికార్డు) చూసి పొరలు విడగొట్టండి.

బీచ్ వైపు మోడల్ హద్దు దగ్గర ఆగి ఆలోచించండి. మంచినీరు సముద్రమట్టానికి 1 మీటరు పైనుంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా ఉంటుందని స్థూల లెక్క. అంటే మట్టం అర మీటరు పడితే ఉప్పునీరు దాదాపు 20 మీటర్లు పైకి వస్తుంది. అక్కడ నీటి సాంద్రతను లెక్కలోకి తీసుకునే సీవాట్ అనే ప్రోగ్రామ్ వాడండి.

చెరువు కట్ట ఊట అయితే, కట్ట అడుగున మోడల్ గళ్లు (లెక్క కోసం నేలను విడగొట్టే ముక్కలు) చిన్నవి చేయండి. నీరు బయటికొచ్చే చోట హైడ్రాలిక్ వాలు (నీరు నడిచే దూరానికి మట్టం ఎంత పడుతుందో ఆ నిష్పత్తి) 1కి దగ్గరైతే ఇసుక లేచిపోతుంది.

రన్ అయ్యాక మోడల్‌లోకి వచ్చిన, బయటికెళ్లిన నీటి జమాఖర్చులో తేడా 1 శాతం దాటితే ఆ ఫలితం ఎవరికీ పంపొద్దు.