ఊపిరి మీద ధ్యాస కుదరడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

టెన్షన్‌గా ఉంటే శ్వాస మీద ధ్యాస పెట్టమని అందరూ చెబుతారు. తీరా కూర్చున్నాక ఏదో ఒక ఇబ్బంది వస్తుంది. ‘ఇది మనకు పడదులే’ అని లేచిపోతారు. గుంటూరులో పొద్దున్నే మా దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్లు అడిగే సందేహాలనే ఇక్కడ రాస్తున్నాను. చాలావాటి వెనక ఉన్న పొరపాటు ఒకటే: ఊపిరి గట్టిగా లాగడం. మనసును నెమ్మదింపజేసేది ముఖ్యంగా ఊపిరి వదలడం.

పద్ధతి తేలిక. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ తీసుకోండి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. 5 నిమిషాలు చాలు. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు. ఈ లెక్కతో అది 6కు దిగుతుంది. మణికట్టు దగ్గర నాడి మీద వేలు పెట్టి చూడండి: ఊపిరి వదిలేటప్పుడు నాడి కాస్త నెమ్మదించడం చాలామందికి తెలుస్తుంది. ఆ సమయంలో మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

తల తిరుగుతోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

‘దీర్ఘ శ్వాస’ అనగానే రొమ్ము నిండా గాలి లాగి, వెంటవెంటనే వదిలేస్తుంటారు. ఆక్సిజన్ ఎక్కువ వెళితే మంచిదే కదా అనుకుంటారు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ల రక్తంలో ఆక్సిజన్ ముందే దాదాపు నిండుగా ఉంటుంది. గబగబా పెద్ద ఊపిరులు తీస్తే పెరిగేది పెద్దగా ఉండదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత ముడుచుకుంటాయి. తల తేలిపోతున్నట్టు, పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకుతున్నట్టు అనిపించేది అందుకే. దాన్ని చూసి కంగారుపడి ఇంకా గట్టిగా లాగితే ఇంకా పెరుగుతుంది.

వెంటనే లెక్క ఆపి మామూలుగా శ్వాసించండి. కాసేపట్లో సర్దుకుంటుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఊపిరి చిన్నదిగానే ఉండాలి, నెమ్మదిగా ఉండాలి. పక్కన కూర్చున్నవాళ్లకు మీ ఊపిరి చప్పుడు వినిపించకూడదు. 4, 6 కష్టమైతే 3, 4తో చేయండి. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం జోలికి ఇప్పుడే వెళ్లకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు వద్దు.

భుజాలు లేస్తున్నాయి, ఛాతీ బిగుసుకుంటోంది

ఈఏపీసెట్‌కు (పాత ఎంసెట్) చదివే పిల్లల్లో ఇది ఎక్కువ చూస్తాను. గంటల తరబడి పుస్తకం మీదికి వంగి కూర్చుంటారు. పొట్ట నొక్కుకుపోయి, ఊపిరి పైపైనే ఆడటం అలవాటైపోతుంది. ఊపిరి తీసుకోమనగానే భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ నరాలు తేలతాయి.

చాప మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మోకాళ్లు మడవాలి, బెల్టు వదులు చేయాలి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద. ముందు ఊపిరి మొత్తం నెమ్మదిగా వదలమనండి. ఆ తర్వాత వచ్చే ఊపిరికి బొడ్డు మీది చెయ్యి దానంతటదే లేస్తుంది. పడుకుని అలవాటయ్యాకే కుర్చీలో కూర్చుని చేయాలి.

ఆలోచనలు ఆగడం లేదు

ఆగవు. ఆపమని ఎవరూ అడగడం లేదు కూడా. ధ్యాస ఊపిరి మీద ఉంటుంది, అంతలో మిర్చి రేటు మీదికో పిల్లాడి ఫీజు మీదికో పోతుంది, పోయిందని తెలుస్తుంది, మళ్లీ తెచ్చుకుంటాం. ఆ తెచ్చుకోవడమే సాధన. 50 సార్లు పోతే 50 సార్లు తెచ్చుకోండి. విసుక్కోకండి. వదిలే ప్రతి ఊపిరికీ ఒకటి చొప్పున 10 దాకా లెక్కపెట్టండి, తప్పితే మళ్లీ ఒకటి నుంచి.

కునుకు వస్తోంది

అన్నం తినగానే కూర్చుంటే వస్తుంది, మే నెల మధ్యాహ్నం ఉక్కలో ఎవరికైనా వస్తుంది. పొద్దున్నే మొహం కడుక్కుని, కళ్లు సగం తెరిచి చేయండి. రోజూ ఇంతే అయితే మీకు రాత్రి నిద్ర చాలడం లేదు. ముందు ఆ సంగతి చూసుకోండి.

ముక్కు ఆడటం లేదు

సీజన్లో మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకు, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈ బాధ తెలుసు. ఘాటుకు ముక్కు మూసుకుపోతుంది, దగ్గు తెర వస్తుంది. అలాంటి గాలిలో సాధన వద్దు. ఇంటికి వెళ్లి స్నానం చేసి, ఆవిరి పట్టాక చేయండి. అయినా ఆడకపోతే పెదాలు సన్నగా తెరిచి నోటితో వదలండి. ఉబ్బసం ఉన్నవాళ్లు శ్వాస సాధన పేరుతో ఇన్‌హేలర్ మానేయకూడదు.

ఊపిరిని గమనిస్తే భయం పెరుగుతోంది

దీన్ని చాలామంది సిగ్గుపడి బయటికి చెప్పరు. ఒకసారి ఊపిరాడక బెంబేలెత్తినవాళ్లకు, ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లకు, ఊపిరి మీద ధ్యాస పెట్టగానే పాత భయం తిరగబెట్టవచ్చు. ఇందులో మీ లోపం ఏమీ లేదు. ‘అలవాటవుతుంది, ఓర్చుకో’ అనేవాళ్ల మాట వినకండి. కళ్లు తెరవండి. అరికాళ్లకు నేల తగలడాన్ని గమనించండి, లేదా ఫ్యాను చప్పుడు వినండి. అది కుదిరినన్నాళ్లు ఊపిరి జోలికి వెళ్లనక్కర్లేదు.

టెన్షన్ వచ్చినప్పుడు పనిచేయడం లేదు

అవసరం పడినప్పుడే చేస్తే ఇంతే. చెరువులో నేర్చుకోని ఈత వరదలో రాదు అన్నట్టు, స్థిమితంగా ఉన్న పూట రోజూ చేసినదే కష్టం వచ్చినప్పుడు అక్కరకొస్తుంది. దీనికి వేరే చోటు వెతుక్కోనక్కర్లేదు. గుంటూరు నుంచి విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని మంగళగిరి దాకా చేసుకోవచ్చు. బండి మీద ఉంటే మాత్రం కళ్లు మూయకండి. బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు భుజాలు వదులు చేసి, రెండు ఊపిరులు నెమ్మదిగా వదిలితే చాలు.

శ్వాసతో పోయేవి కావు

ఛాతీలో నొప్పి, అది చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు ఉంటే లెక్కపెడుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరును కలవాలి. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) మానసిక వైద్య విభాగం ఉంది. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రి పగలూ పనిచేస్తుంది. ఇంట్లో వాళ్లు మొహమాటపడుతుంటే మీరే నంబరు కలిపి ఫోన్ వాళ్ల చేతికివ్వండి.