టర్న్ వస్తే ఏం చేస్తడు? ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌లో జాబ్‌లు కలిపే పద్ధతి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నాది చిన్న మొబైల్ రిపేర్ షాపు. ఫోన్‌లో ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అనే యుద్ధం ఆట (వార్ ఆఫ్ ద లయన్స్ ఎడిషన్) ఆడే పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ జాబ్ మంచిగుంటది?" జాబ్ అంటే టీమ్‌లోని మనిషికి మనం ఇచ్చే వృత్తి, నైట్, ఆర్చర్, మాంక్ లాంటిది. నేను ఎదురు అడుగుతాను: "నీ మనిషికి టర్న్ వచ్చినప్పుడల్లా ఏం చేస్తడు?" కొడతాడా, బతికిస్తాడా, దూరం నుంచి కాలుస్తాడా, శత్రువును కదలకుండా చేస్తాడా? ముందు ఈ ఒక్క పని తేల్చుకోండి. జాబ్ పేరు ఆ తర్వాత చూద్దాం.

ఈ ఆట 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చింది. వార్ ఆఫ్ ద లయన్స్ అనే ఎడిషన్ 2007లో పీఎస్పీకి, ఆ తర్వాత ఫోన్లకు వచ్చింది. 2025లో ది ఐవలీస్ క్రానికల్స్ పేరుతో మళ్లీ విడుదలైంది. ఇక్కడ నేను చెప్పే అంకెలన్నీ వార్ ఆఫ్ ద లయన్స్‌వి. డార్క్ నైట్, ఆనియన్ నైట్ అనే జాబ్‌లు ఈ ఎడిషన్‌లోనే ఉంటాయి. కొత్త దాంట్లో వెతకకండి, లేవు.

ఒక్కో మనిషికి ఐదు గళ్లు ఉంటాయి. మొదటిది జాబ్‌తో పాటు వచ్చే కమాండ్, అది మారదు. రెండోది ఇంకో జాబ్ నుంచి తెచ్చుకునే కమాండ్. మూడోది రియాక్షన్, అంటే దెబ్బ తగిలినప్పుడు వాడు ఏం చేస్తాడనేది. నాలుగోది సపోర్ట్, ఐదోది నడక. కొత్తవాళ్లు రెండో గడి మీదే మనసంతా పెడతారు. నా లెక్కలో అసలు బలం సపోర్ట్ గడిలో ఉంది. రెండో కమాండ్ కొన్ని టర్న్‌లలోనే వాడతాం. సపోర్ట్ మాత్రం ప్రతి దెబ్బలోనూ పనిచేస్తుంది.

అందుకే మొదట స్క్వైర్ జాబ్‌లో జేపీ బూస్ట్ అనే సపోర్ట్ నేర్పించండి. జేపీ అంటే ఒక జాబ్‌లో ఆడుతూ సంపాదించే పాయింట్లు, వాటితోనే విద్యలు నేర్చుకోవాలి. 250 జేపీ పడుతుంది. ఖరీదు అనిపించినా ఐదుగురికీ నేర్పించండి, ఆ తర్వాత నేర్చుకునేదంతా త్వరగా అవుతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఒకడు ఒక జాబ్‌లో జేపీ సంపాదిస్తే, అందులో నాలుగో వంతు అదే జాబ్ లెక్కలో మిగతావాళ్లకూ పడుతుంది. ఇద్దరు ముగ్గురిని ఒకే జాబ్‌లో నడిపిస్తే అందరికీ లాభమే.

ఇప్పుడు ఆయుధాల లెక్క. కాంబినేషన్ బాగుంటుందో లేదో ఇక్కడే తేలుతుంది. మామూలు కత్తి దెబ్బకు ఆ మనిషి శక్తిని ఆయుధం బలంతో గుణిస్తారు. కటానాకు (సామురాయ్ కత్తి), నైట్ సోర్డ్‌కు వీటితో పాటు బ్రేవరీ (మనిషి ధైర్యం అంకె) కూడా కలుస్తుంది. ఒట్టి చేతులతో కొట్టే మాంక్‌కు ఆయుధమే లేదు కాబట్టి వాడి శక్తి లెక్కలో రెండుసార్లు వస్తుంది, పైన బ్రేవరీ. అంటే మాంక్‌కు శక్తి కొంచెం పెరిగినా దెబ్బ చాలా పెరుగుతుంది. తుపాకీకి మనిషి శక్తితో సంబంధమే లేదు. తుపాకీ బలాన్ని దానితోనే గుణిస్తారు. బక్కపలచటి కెమిస్ట్ కాల్చినా అదే దెబ్బ.

కొట్టేవాడి విషయానికొస్తే, నాకు అన్నిటికంటే నచ్చింది రెండు చేతులా గుద్దే మాంక్. సపోర్ట్‌లో నింజా దగ్గర నేర్చుకునే డ్యూయల్ వీల్డ్ పెట్టాలి. దానికి 1000 జేపీ. నింజా తెరుచుకోవాలంటే ఆర్చర్ 4, థీఫ్ 5, జియోమాన్సర్ 2 లెవెల్ కావాలి. జియోమాన్సర్‌కు మాంక్ 4, మాంక్‌కు నైట్ 3, థీఫ్‌కు ఆర్చర్ 3. దారి పొడుగే కానీ ఏదీ వృథా పోదు. థీఫ్ దగ్గర నడకను రెండు గళ్లు పెంచేది, జియోమాన్సర్ దగ్గర అటాక్ బూస్ట్ దారిలోనే నేర్చుకోవచ్చు. నింజా అయ్యేదాకా ఆ అటాక్ బూస్ట్‌తోనే నడపండి. మాంక్ దగ్గర గాయాలు మాన్పే చక్ర ఉంది, పడిపోయినవాణ్ని లేపే రివైవ్ కూడా ఉంది. రెంటికీ ఎంపీ (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) అక్కర్లేదు. కొట్టేవాడే అవసరం పడితే తోటివాణ్ని లేపుతాడు, రెండో గడి కోసం తిప్పలు పడనక్కర్లేదు.

"అన్నా, నింజా చేసిన గానీ రెండు దెబ్బలకే పడిపోతుండు" అని ఈ మధ్య ఒక తమ్ముడు బాధపడ్డాడు. నింజాకు వేగం ఉంటుంది, ఒంట్లో బలం ఉండదు. ముందుగా టర్న్ వచ్చింది కదా అని ఒంటరిగా శత్రువుల మధ్యకు పంపితే ఎవడూ మిగలడు. దూరం నుంచి ఆయుధాలు విసిరే త్రో వాడించండి. మిగతావాళ్లు చేరాక లోపలికి పంపండి. లెవెల్ పెరిగినప్పుడు ఏ జాబ్‌లో ఉంటే దాన్ని బట్టే శక్తి, వేగం లాంటి అంకెలు పెరుగుతాయి. వేగం విషయంలో నింజా పెరుగుదల మంచిది.

కథతో పాటు వచ్చే మనుషుల్లో అగ్రియాస్‌ను చెడగొట్టేవాళ్లే ఎక్కువ. ఆమె హోలీ సోర్డ్ విద్యకు ఎంపీ అక్కర్లేదు, ఆగి మంత్రం చదవనక్కర్లేదు, దూరం నుంచే తగులుతుంది. ఆమె పని అదే. కత్తి పట్టగలిగే జాబ్‌లోనే ఉంచండి. హోలీ నైట్‌గానే వదిలేసి సపోర్ట్‌లో అటాక్ బూస్ట్ పెడితే చాలు. డ్యూయల్ వీల్డ్ పెట్టి రెండు కత్తులిచ్చినా హోలీ సోర్డ్ ఒక్కసారే పడుతుంది. రెండో గడిలో కెమిస్ట్ కమాండ్ ఐటమ్స్ ఇస్తే కష్టకాలంలో పడిపోయినవాళ్లను లేపే ఫీనిక్స్ డౌన్ వేస్తుంది.

ముస్తాదియో తుపాకీవాడు. కాళ్ల మీదో చేతుల మీదో గురిపెట్టి శత్రువును ఆపడం వాడి పని. తుపాకీ పట్టే మామూలు జాబ్‌లలో కెమిస్ట్ ఒకటి. చివరి దాకా టీమ్‌లో ఒక కెమిస్ట్‌ను తుపాకీతో ఉంచండి అని నేను అందరికీ గట్టిగా చెబుతాను. మొదటి రోజు నుంచీ ఉన్న జాబ్ కదా అని చిన్నచూపు వద్దు. దూరం నుంచి మందు విసురుతాడు, అవసరం లేనప్పుడు కాలుస్తాడు. ఏ టర్న్ కూడా ఖాళీ పోదు.

మంత్రాల వాళ్లను నడిపేటప్పుడు టర్న్ వరుస చూడకుండా మంత్రం వేయకండి. బ్లాక్ మేజ్ చదువుతుండగానే శత్రువుకు టర్న్ వచ్చిందంటే వాడు పక్కకు పోతాడు. మైదానంలోని గడి మీద వేస్తే మంత్రం ఖాళీ నేల మీద పడుతుంది. మనిషి మీద వేస్తే వాడితో పాటే వెళ్లి, వాడు మనవాళ్ల పక్కన నిలబడితే మనవాళ్లనూ కాలుస్తుంది. టైమ్ మేజ్ దగ్గర మంత్రం త్వరగా పడేలా చేసే స్విఫ్ట్‌స్పెల్ నేర్పిస్తే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. సమనర్ మంత్రాలు ఆలస్యమే కానీ దాడి చేసేవి మనవాళ్లకు తగలవు. రిక్రూట్ చేసుకునేటప్పుడు ఆడవాళ్లకు మంత్రబలం, మగవాళ్లకు ఒంటి శక్తి కొంచెం ఎక్కువని గుర్తుంచుకోండి. మేజ్‌కు సామురాయ్ విద్య ఇయాయ్‌డో రెండో గడిలో పెట్టి చూడండి. దాని బలం మంత్రబలం నుంచే వస్తుంది, పైగా చదివే ఆలస్యం లేదు. కటానా అప్పుడప్పుడు విరుగుతుంది కాబట్టి రెండు మూడు ఎక్కువ కొని ఉంచుకోండి.

అరిథ్మెటిషియన్ గురించి తక్కువే చెబుతాను. వైట్ మేజ్ 5, బ్లాక్ మేజ్ 5, టైమ్ మేజ్ 4, మిస్టిక్ 4 లెవెల్ కావాలి. ఎంపీ లేకుండా, ఆగకుండా మైదానం మొత్తం మీద మంత్రం వేయగలడు, కానీ ఆ జాబ్‌లో ఉంటే నత్తనడకే. విద్య నేర్పించి, వేరే మేజ్‌కు రెండో గడిలో పెట్టండి. దాని తర్వాత ఆటలో ఆలోచించాల్సిన పని పెద్దగా మిగలదు, అందుకే మొదటిసారి ఆడేవాళ్లకు నేను వద్దంటాను. నాలుగో అధ్యాయంలో వచ్చే ఆర్లాండో కూడా అంత బలవంతుడే. ఆయన్ను మాత్రం సంతోషంగా తీసుకోండి, కథే ఆయన్ను మనకు ఇస్తుంది.

ఎత్తు సంగతి జాబ్‌లతో కలిపే ఆలోచించాలి. దేవరకొండ కోట ఎక్కినవాళ్లకు తెలుసు, పైనున్నవాడు కిందికి కొట్టడం తేలిక, కిందున్నవాడు పైకి చేరడమే సగం యుద్ధం. మొదటి అధ్యాయంలో డోర్టర్ యుద్ధం అలాంటిదే. ఆర్చర్లు ఎత్తు మీద ఉంటారు, కింద బ్లాక్ మేజ్‌లు. ఐదుగురినీ ఒక్కచోట గుంపుగా ఉంచితే ఒకే మంత్రానికి ముగ్గురు కాలిపోతారు. విడదీసి నడిపించండి, ముందు ఆర్చర్ దగ్గరికి ఎక్కండి.

బ్రేవరీ, ఫెయిత్ పెంచడం నెమ్మది పని. యుద్ధంలో నాలుగు పాయింట్లు మారితే ఒకటి శాశ్వతంగా నిలుస్తుంది. కథానాయకుడు రామ్‌జా దగ్గరున్న స్టీల్, ఒరేటర్ జాబ్ దగ్గరున్న ప్రెయిజ్ బ్రేవరీని పెంచుతాయి. దెబ్బ తగలకుండా ఆపే సామురాయ్ రియాక్షన్ షిరహదోరి ఎంత బ్రేవరీ ఉంటే అంత శాతం పనిచేస్తుంది కాబట్టి ముందుండి కొట్టేవాళ్లకు బ్రేవరీ ముఖ్యం. ఫెయిత్ ఎక్కువుంటే వేసే మంత్రమూ గట్టిగా పడుతుంది, తగిలే మంత్రమూ గట్టిగా పడుతుంది. దాన్ని అతిగా పెంచితే మనిషి మనల్ని వదిలి వెళ్లిపోతాడు. కాబట్టి మేజ్‌లను కూడా 80ల దగ్గర ఆపండి.

ఇక రియోవేన్స్ కోట. ఆడేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. వరుస యుద్ధాలుంటాయి, మధ్యలో సేవ్ చేయమంటుంది, కానీ బయటికి వెళ్లి లెవెల్ పెంచుకోనివ్వదు. కోటలోకి అడుగుపెట్టే ముందు ఇంకో స్లాట్‌లో సేవ్ చేయండి. లోపల వీగ్రాఫ్ అనే శత్రువుతో రామ్‌జా ఒక్కడే తలపడాలి, అంటే ఈ ఒక్క యుద్ధానికి కాంబినేషన్ మొత్తం రామ్‌జా మీదే కట్టాలి. రియాక్షన్‌లో కెమిస్ట్ ఆటో పోషన్ పెట్టండి. అది తక్కువ రకం మందు నుంచి వాడటం మొదలుపెడుతుంది. అందుకే చిన్న పోషన్లు అమ్మేసి పెద్దవే ఉంచుకోండి. రామ్‌జా సొంత స్క్వైర్ కమాండ్‌లోని టెయిల్‌విండ్‌ను తన మీదే వేసుకుంటూ వేగం పెంచండి. వీగ్రాఫ్‌కు ఒక టర్న్ వచ్చేలోపు మీకు రెండు మూడు వచ్చేదాకా ఓపిక పట్టండి, అప్పుడు కొట్టండి. వాడు బీలియస్ అనే రాక్షసుడిగా మారాక మీవాళ్లు కూడా వస్తారు.

తర్వాతది కోట పైకప్పు. అక్కడ మన పక్షాన ఉండే రాఫా అనే అమ్మాయి చనిపోతే ఓడినట్టే, ఆ పిల్ల మన మాట వినకుండా నేరుగా శత్రువుల మీదికే పోతుంది. నింజాను, వేగం పెరిగినవాళ్లను, దూరం నుంచి కొట్టే అగ్రియాస్‌ను తీసుకెళ్లండి. ఇద్దరు హంతకురాళ్లలో ఒకరినే గురిపెట్టి అందరూ కొట్టండి, ఆమె ప్రాణం అట్టడుగుకు చేరితే యుద్ధం అయిపోతుంది. అక్కడ కెమిస్ట్ పని ఒక్కటే, రాఫాకు దగ్గరగా ఉండటం.